కరెంటు వచ్చినా స్టార్టర్ పట్టాలి: విటమిన్ డి గ్రాహకం, క్యాన్సర్ తెచ్చే సూక్ష్మజీవులు

ఏడాది మొత్తంలో సూర్యుడు బాగా కిందుగా నడిచేది డిసెంబరు మూడో వారంలో. ఆ రోజుల్లో కూడా అనంతపురం గడియార స్తంభం దగ్గర మిట్టమధ్యాహ్నం నిలబడిన మనిషి నీడ అతని ఎత్తులో ముప్పాతిక వంతుకు కాస్త మించుతుంది, అంతే. కడపలోనూ దాదాపు అంతే, కర్నూలులో రవ్వంత ఎక్కువ. నీడ మనిషికన్నా పొట్టిగా ఉన్నంతసేపూ చర్మంలో విటమిన్ డి పుట్టించే కిరణాలు అందుతున్నట్టే అన్నది వైద్యులు చెప్పే కొండగుర్తు. ఆ లెక్కన, మబ్బు పట్టిన రోజులు మినహాయిస్తే, ఈ మూడు ఊళ్లలో విటమిన్ డి ఇవ్వని మధ్యాహ్నం ఏడాదిలో ఒక్కటి కూడా లేదు. లండన్‌లో, ఓస్లోలో చలికాలమంతా ఆ కిరణాల జాడే ఉండదు.

అయినా ఇక్కడి మనుషుల రక్తంలో విటమిన్ డి పుష్కలంగా లేదు. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2000 తర్వాతి సంవత్సరాల్లో పట్టణవాసులనూ, ఎండలో పొలం పని చేసే పల్లెవాసులనూ పరీక్షించి చూశారు. పల్లెవాసుల స్థాయి కొంత మెరుగు. కానీ లోపం రెండు చోట్లా విస్తారంగా కనిపించింది. ఎండ ఉన్నంత మాత్రాన విటమిన్ ఉండదని అప్పుడే తేలింది. విటమిన్ ఉన్నంత మాత్రాన అది పని చేస్తుందా అన్నది దాని తర్వాతి ప్రశ్న. ఆ ప్రశ్న మనల్ని విటమిన్ డి గ్రాహకం దగ్గరికి, అక్కడి నుంచి ఎవరూ ఊహించని మరో చోటికి తీసుకెళ్తుంది. అది అంటువ్యాధుల వల్ల వచ్చే క్యాన్సర్.

గ్రాహకం అంటే ఏమిటో అనంతపురం జిల్లా రైతుకు చెప్పడం తేలిక. బోరు దగ్గర కరెంటు వచ్చింది, లైటు వెలుగుతోంది, మోటారు మాత్రం తిరగడం లేదు. అప్పుడు రైతు ముందుగా తెరిచి చూసేది స్టార్టర్ డబ్బా. శరీరంలో విటమిన్ డి కరెంటు లాంటిదైతే దాని గ్రాహకం స్టార్టర్ లాంటిది. 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు చర్మంలోని ఒక కొలెస్ట్రాల్ జాతి పదార్థం విటమిన్ డి3గా మారుతుంది. కాలేయం దాన్ని 25-హైడ్రాక్సీ విటమిన్ డిగా మారుస్తుంది. ల్యాబ్ రిపోర్టులో కనిపించే అంకె దీనిదే. తర్వాత మూత్రపిండాలు దాన్ని కాల్సిట్రయాల్ అనే హార్మోనుగా మారుస్తాయి. అసలు పని చేసేది ఆ చివరి రూపమే. అది కణంలోకి వెళ్లి, 427 అమైనో ఆమ్లాల పొడవున్న గ్రాహక ప్రోటీనుకు అతుక్కుంటుంది. ఆ ప్రోటీను రెటినాయిడ్ ఎక్స్ గ్రాహకం అనే మరో ప్రోటీనుతో జతకట్టి, డీఎన్‌ఏ మీద తనకు కేటాయించిన చోట్ల కూర్చుని, కొన్ని జన్యువులను నడిపిస్తుంది, కొన్నింటిని ఆపుతుంది.

ఈ గ్రాహకం ఉనికి మొదట బయటపడింది 1969లో, కోడిపిల్లల పేగులో. మనిషి గ్రాహకం జన్యు నిర్మాణం 1988లో తెలిసింది. అది 12వ క్రోమోజోము మీద ఉంటుంది. పేగు, ఎముక, మూత్రపిండం దగ్గర అది ఉండటంలో వింత లేదు, అక్కడ దాని పని కాల్షియం. రొమ్ము, ప్రోస్టేట్, పెద్దపేగు, చర్మం, అన్నింటికన్నా ముఖ్యంగా రోగనిరోధక కణాలలో కూడా అది కనిపించడంతో శాస్త్రవేత్తలు ఆలోచనలో పడ్డారు. ఎముకతో సంబంధం లేని ఈ కణాలకు విటమిన్ డితో పనేమిటి?

స్టార్టర్ లేకపోతే కరెంటు ఎంత ఉన్నా దండగే అనడానికి ప్రకృతే ఒక ఉదాహరణ చూపించింది. చాలా అరుదుగా, ఈ గ్రాహకం జన్యువులో దోషంతో పిల్లలు పుడతారు. వారి రక్తంలో కాల్సిట్రయాల్ మామూలుకన్నా బాగా ఎక్కువగా ఉంటుంది, ఎముకలు మాత్రం రికెట్స్‌తో వంగిపోతాయి. చాలామందికి తల మీద జుట్టు కూడా ఉండదు. విటమిన్ ఎంత ఇచ్చినా ఫలితం అంతంతమాత్రం. చాలామందిలో నేరుగా రక్తంలోకి కాల్షియం ఎక్కిస్తేనే ఎముకలు గట్టిపడతాయి. రక్తంలోని అంకెను మాత్రమే చూసి శరీరంలో ఏమి జరుగుతోందో తేల్చకూడదని ఆ పిల్లలు నేర్పారు.

ఇక రెండో వైపుకు వద్దాం. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే, ఒకే కంచంలో తింటే రాదు. పల్లెల్లో ఇప్పటికీ క్యాన్సర్ రోగిని దూరం పెట్టే ఇళ్లు ఉన్నాయి కనుక ఈ మాట గట్టిగా చెప్పాలి. కానీ క్యాన్సర్‌కు దారి తీసే కొన్ని సూక్ష్మజీవులు మాత్రం అంటుకుంటాయి. 1911లో పేటన్ రౌస్ కోళ్లలో ఒక కంతి వైరస్ వల్ల వస్తుందని చూపాడు. లోకం నమ్మడానికి సగం శతాబ్దం పట్టింది, నోబెల్ 1966లో అందింది. 1964లో ఆఫ్రికా పిల్లలకు వచ్చే లింఫోమా అనే ఒక రకం రక్తకణాల క్యాన్సర్‌లో ఎప్స్టీన్-బార్ వైరస్ దొరికింది. హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983, 84 సంవత్సరాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) 16, 18 రకాలను గుర్తించింది. కడుపులో ఆమ్లం మధ్య బాక్టీరియా బతకదని అందరూ అనుకుంటున్న కాలంలో బారీ మార్షల్ 1984లో హెలికోబాక్టర్ పైలోరీని తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. పదేళ్ల తర్వాత ఆ బాక్టీరియా మనిషికి క్యాన్సర్ కలిగిస్తాయని రూఢి అయిన కారకాల జాబితాలో చేరింది. హెపటైటిస్ బి, సి వైరస్‌లు కాలేయ క్యాన్సర్‌కు ప్రధాన కారణాలు. 2018లో ప్రపంచమంతటా కొత్తగా వచ్చిన క్యాన్సర్లలో దాదాపు 22 లక్షలు, అంటే సుమారు 13 శాతం, ఇన్‌ఫెక్షన్ల వల్ల వచ్చినవేనని అంచనా. అందులో హెలికోబాక్టర్ వాటా 8,10,000, హెచ్‌పీవీ వాటా 6,90,000.

ఈ సూక్ష్మజీవులు పని చేసే దారులు వేర్వేరు. హెచ్‌పీవీ తన రెండు ప్రోటీన్లతో కణంలోని కాపలాదారులైన పీ53, ఆర్‌బీలను పనికిరాకుండా చేస్తుంది. హెలికోబాక్టర్ కడుపు గోడలో ఏళ్ల తరబడి ఆరని మంట పెడుతుంది. పుండు పడటం, మానడం, మళ్లీ పడటం, ఆ నిత్య మరమ్మత్తులో ఎప్పుడో ఒక కణం దారి తప్పుతుంది. దారి ఏదైనా, ఇన్‌ఫెక్షన్‌కూ క్యాన్సర్‌కూ మధ్య పదిహేను, ఇరవై, ముప్పై ఏళ్లు గడుస్తాయి. సోకిన వారిలో అత్యధికులకు క్యాన్సర్ రానే రాదు. ఎప్స్టీన్-బార్ వైరస్ పెద్దవాళ్లందరిలో దాదాపుగా ఉంటుంది. హెలికోబాక్టర్ భారతీయుల్లో విరివిగా ఉన్నా జపాన్, కొరియాలతో పోలిస్తే మన దగ్గర కడుపు క్యాన్సర్ చాలా తక్కువ. అందరికీ సోకేది కొందరినే ఎందుకు పట్టుకుంటుంది? వైరస్ రకం, పొగాకు, వంశం, తిండి, హెచ్ఐవీ, ఇవన్నీ జవాబులో భాగాలే. విటమిన్ డి గ్రాహకం కూడా అందులో ఒక భాగం కావచ్చునన్న అనుమానం ఇక్కడే పుట్టింది.

అనుమానానికి బలమైన ఆధారం క్షయ మీద జరిగిన పరిశోధనలో దొరికింది. పందొమ్మిదో శతాబ్దంలో క్షయ రోగులకు కాడ్ చేప కాలేయ నూనె తాగించేవారు, ఎండలో పడుకోబెట్టేవారు. చర్మ క్షయకు కాంతి చికిత్స కనిపెట్టినందుకు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ వచ్చింది. అది ఎలా పని చేసేదో వందేళ్ల పాటు స్పష్టం కాలేదు. 2006లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ఒక దారి చూపారు. సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్ కణానికి క్షయ బాక్టీరియా ఆనవాలు తగలగానే ఆ కణం రెండు పనులు చేస్తుంది. విటమిన్ డి గ్రాహకాలను పెంచుకుంటుంది, మూత్రపిండాల మీద ఆధారపడకుండా కాల్సిట్రయాల్‌ను తనలోనే తయారు చేసుకుంటుంది. ఆ రెండూ కలిసి కాథెలిసిడిన్ అనే చిన్న ప్రోటీనును పుట్టిస్తాయి. అది బాక్టీరియా పొరను చీలుస్తుంది. ఎముకలతో సంబంధం లేని కణాలకు విటమిన్ డితో పనేమిటన్న పాత ప్రశ్నకు ఇది జవాబు.

సూక్ష్మజీవులు చూస్తూ ఊరుకోలేదు. గ్రాహకం తమకు అపాయమని వేల తరాల పరిణామంలో కొన్నింటికి తెలిసొచ్చినట్టుంది. కుష్ఠు బాక్టీరియా సోకిన కణాల్లో ఒక సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ పెరిగి, కాల్సిట్రయాల్ తయారీనీ కాథెలిసిడిన్‌నూ అణచివేస్తుందని 2012లో తేలింది. క్యాన్సర్ కథకు మరింత దగ్గరిది ఎప్స్టీన్-బార్ వైరస్. దాని ఈబీఎన్ఏ-3 అనే ప్రోటీను నేరుగా విటమిన్ డి గ్రాహకానికే అతుక్కుని, అది నడపవలసిన జన్యువులు నడవకుండా చేస్తుందని 2010లో ప్రయోగశాలలో చూపారు. స్టార్టర్ డబ్బాలో ఎవరో చెక్కముక్క దూర్చిన తీరు అది. హెపటైటిస్ బి వైరస్ కూడా కాలేయ కణాల్లో ఈ గ్రాహకాన్ని తగ్గిస్తుందని కణాల మీద జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి. పేగులో మరో తీరు కనిపిస్తుంది. అక్కడి బాక్టీరియా పైత్యరసం నుంచి లిథోకోలిక్ ఆమ్లం తయారు చేస్తుంది. అది పెద్దపేగుకు హాని చేసే పదార్థం. దాన్ని పసిగట్టి విరిచే ఎంజైములను మేల్కొలిపేది కూడా విటమిన్ డి గ్రాహకమేనని 2002లో కనుగొన్నారు. అంటే బాక్టీరియాకూ మనిషి కణానికీ మధ్య జరిగే బేరంలో ఈ గ్రాహకం పాత్ర ఒక్కటి కాదు.

కణం కంతిగా మారే దారిలోనూ దానికి చోటుంది. 1981లో జపాన్ శాస్త్రవేత్తలు ఎలుకల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కణాలకు కాల్సిట్రయాల్ ఇస్తే అవి విచ్చలవిడిగా పెరగడం మాని, మామూలు మాక్రోఫేజ్‌ల వంటి కణాలుగా మారడం చూశారు. దానికి ఏడాది ముందే సెడ్రిక్, ఫ్రాంక్ గార్లండ్ సోదరులు అమెరికా పటం మీద ఎండ తక్కువ ప్రాంతాల్లో పెద్దపేగు క్యాన్సర్ మరణాలు ఎక్కువని గమనించి, విటమిన్ డి కాపాడుతోందేమోనని ప్రతిపాదించారు.

ఇన్ని ఆధారాలు చూశాక ఎవరికైనా ఒక్కటే తోస్తుంది. విటమిన్ డి మాత్ర వేసుకుంటే సరి. ఇన్‌ఫెక్షనూ ఆగుతుంది, క్యాన్సరూ ఆగుతుంది. ఈ తర్కంలో లోపం పైకి కనిపించదు, అందుకే దాన్ని ప్రయోగంలో పెట్టి చూడవలసి వచ్చింది. అమెరికాలో 25,871 మంది మీద జరిగిన వైటల్ అధ్యయనంలో సగం మందికి రోజుకు 2,000 యూనిట్లు ఐదేళ్లకు పైగా ఇచ్చారు. 2018లో ఫలితాలు వచ్చాయి. కొత్తగా క్యాన్సర్ రావడం తగ్గలేదు. క్యాన్సర్ మరణాలు కొంత తగ్గిన ఛాయ ఉన్నా అది గణాంకపరంగా నిలబడలేదు. ఆస్ట్రేలియాలో 60 ఏళ్లు దాటిన 21,000 మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో సగం మంది నెలకు 60,000 యూనిట్లు ఐదేళ్లు తీసుకున్నా మరణాలు తగ్గలేదు. మంగోలియాలో రక్తంలో విటమిన్ డి నిజంగా అడుగంటిన బడిపిల్లలు 8,851 మందిని తీసుకుని, కొందరికి వారానికి 14,000 యూనిట్ల చొప్పున మూడేళ్లు ఇచ్చారు. రక్తంలో అంకె చక్కగా పెరిగింది. క్షయ ఇన్‌ఫెక్షన్ మాత్రం మాత్ర వేసుకున్న వారిలోనూ, వేసుకోని వారిలోనూ ఒకేలా వచ్చింది.

ఈ మంగోలియా ఫలితం ముందు కాసేపు ఆగాలి. వైటల్‌లో పాల్గొన్న వారిలో చాలామందికి మొదటి నుంచే విటమిన్ డి సరిపడా ఉంది, కనుక అదనంగా ఇచ్చినది పని చేయలేదని సర్దిచెప్పుకోవచ్చు. మంగోలియా పిల్లల విషయంలో ఆ సాకు చెల్లదు. గ్రాహకం గురించి ప్రయోగశాల చెప్పింది అబద్ధం కాదు. కాని కరెంటు పెంచినంత మాత్రాన స్టార్టర్ బాగుపడదు. పైగా రక్తంలో విటమిన్ తగ్గడం చాలాసార్లు జబ్బుకు కారణం కాదు, ఫలితం. రోగి ఇంట్లోనే ఉంటాడు, తిండి తగ్గుతుంది, లోపలి మంటకు 25-హైడ్రాక్సీ స్థాయి పడిపోతుంది. స్థూలకాయంలో విటమిన్ కొవ్వులో చిక్కుకుంటుంది. పరీక్షలో అంకె తక్కువ వచ్చిన రోగికి క్యాన్సర్ ఉందంటే, ఏది ముందు, ఏది వెనుక అన్నది ఆ కాగితం చెప్పదు.

దీన్నే పట్టుకుని పూర్తిగా ఎదురు దిక్కుకు వెళ్లిన వాదం కూడా ఒకటి ఉంది. కణాల్లో దాగిన బాక్టీరియా గ్రాహకాన్ని మూసేస్తుంది, అందుకే కాల్సిట్రయాల్ పెరిగి 25-హైడ్రాక్సీ తగ్గుతుంది, కనుక రోగులు ఎండనూ విటమిన్ డినీ మానేసి, ఒక రక్తపోటు మందును ఎక్కువ మోతాదులో వాడి గ్రాహకాన్ని తెరవాలి అన్నది దాని సారాంశం. దీర్ఘకాలిక జబ్బులన్నింటికీ, క్యాన్సర్‌కూ ఇదే మూలమన్నంత దూరం అది వెళ్తుంది. ఇందులో ఒక నిజపు గింజ ఉంది. ఊపిరితిత్తుల్లోనూ ఇతర అవయవాల్లోనూ చిన్న గడ్డలు కట్టే సార్కాయిడోసిస్ అనే జబ్బులో, కొన్నిసార్లు క్షయలో, కొన్ని లింఫోమాల్లో మాక్రోఫేజ్‌లు అదుపు తప్పి కాల్సిట్రయాల్ తయారు చేస్తాయి, రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. కానీ ఆ ఒక్క గింజ నుంచి అన్ని జబ్బులకూ ఒకే వేరు లాగడం సాహసం. మందు గ్రాహకానికి అతుక్కుంటుందన్న మాట కంప్యూటర్ నమూనాల మీద నిలిచింది, నియంత్రిత ప్రయోగాల బలం దానికి లేదు. ఎప్స్టీన్-బార్ ప్రోటీను గ్రాహకానికి అతుక్కుంటుందన్న మాట వేరు. అది ప్రయోగశాలలో కొలిచి చూసిన విషయం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఆ నిజపు గింజ మన ప్రాంతానికి చాలా అవసరం. ఒళ్లునొప్పులు అంటే చాలు, 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు, 6,00,000 యూనిట్ల ఇంజెక్షన్లు పరీక్ష లేకుండానే అలవాటుగా వాడేవారు ఎందరో. లోపం ఉన్నవారికి వైద్యుడు చెప్పిన మోతాదు మేలు చేస్తుంది, అందులో సందేహం లేదు. ఒకచోట ఒక సూది, ఇంకోచోట మరో సూది వేయించుకుంటూ పోతే మాత్రం వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, చివరికి మూత్రపిండాలకు దెబ్బ. గుర్తించని క్షయ ఉన్నవారిలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

గ్రాహకం అందరిలో ఒకేలా ఉండదన్న విషయం మీద కూడా చాలా ఆశలు పెట్టుకున్నారు. దాని జన్యువులో ఫాక్-1 అనే తేడా ఉన్నవారిలో ఈ ప్రోటీను మూడు అమైనో ఆమ్లాలు పొట్టిగా, కొంచెం చురుగ్గా ఉంటుంది. కలకత్తా కుష్ఠు రోగుల మీద 1999లో జరిగిన అధ్యయనంలో టాక్-1 అనే మరో తేడాను బట్టి ఎవరికి ఏ రకం కుష్ఠు వస్తుందో మారింది. లండన్‌లో స్థిరపడిన గుజరాతీల్లో విటమిన్ డి లోపమూ ఈ తేడాలూ కలిసినప్పుడు క్షయ ముప్పు పెరిగినట్టు 2000లో కనిపించింది. క్యాన్సర్ల విషయంలో ఇలాంటి ఫలితాలు ఒక జనాభాలో ఒకలా, మరో జనాభాలో మరోలా వచ్చాయి. జన్యు పరీక్ష చేయించుకుని భవిష్యత్తు తెలుసుకునే దశలో ఈ శాస్త్రం లేదు.

మరి సీమ ఎండలో ఈ లోపం ఎలా వచ్చింది? తిరుపతిలోనే చేసిన మరో పరిశీలనలో చర్మంలో విటమిన్ బాగా తయారయ్యేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 వరకని తేలింది. సరిగ్గా ఆ వేళకే అందరూ నీడకు చేరతారు. వేసవిలో అది తప్పు కాదు, ప్రాణరక్షణ. ఇంకో కారణం కంచంలో ఉంది. తిండిలో కాల్షియం తక్కువైతే శరీరం కాల్సిట్రయాల్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది, ఆ ఒత్తిడిలో నిల్వ ఉన్న 25-హైడ్రాక్సీ త్వరగా ఖర్చయిపోతుంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే పాలిష్ పట్టిన బియ్యంలో పది చుట్టుపక్కల ఉంటుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఆకలిని తీర్చింది, ఆ మేలు చిన్నది కాదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో సంగటి ముద్ద రోజువారీ తిండి నుంచి జారి, ఎప్పుడో ఒకసారి వండుకునే వంటకంగా మారింది. పాలూ అంతంతమాత్రమే ఉన్న ఇళ్లలో ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. రాగుల్లోని ఫైటేట్ అనే పదార్థం కొంత కాల్షియాన్ని ఒంటికి పట్టకుండా ఆపుతుంది, నిజమే. అయినా ఉన్న కాల్షియంలో తేడా ముప్పై రెట్లకు పైనే.

ఇన్‌ఫెక్షన్ల వల్ల వచ్చే క్యాన్సర్లను ఆపడానికి గ్రాహకం రహస్యం తేలేదాకా ఆగవలసిన పని లేదు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి లక్షా పాతిక వేలకు పైగా స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80,000 మంది దానితో చనిపోతున్నారు. ఇంగ్లండులో 12, 13 ఏళ్ల వయసులో హెచ్‌పీవీ టీకా అందిన తరంలో ఆ క్యాన్సర్ 87 శాతం తగ్గింది. మన దేశంలోనే తయారైన సెర్వావాక్ టీకా 2023లో మార్కెట్‌లోకి వచ్చింది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో లక్షా ముప్పై వేల మంది పల్లె స్త్రీలతో జరిగిన అధ్యయనంలో, జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన బృందంలో ఈ క్యాన్సర్ మరణాలు సగానికి తగ్గాయి. తైవాన్ 1984 నుంచి శిశువులకు హెపటైటిస్ బి టీకా ఇచ్చి పిల్లల్లో కాలేయ క్యాన్సర్‌ను తగ్గించింది. అదే టీకా మన పిల్లలకూ ఉచితంగా అందుతోంది. విటమిన్ డి మాత్ర మీద ఇలాంటి ఫలితం ఒక్కటీ లేదు. ఈ తేడా తెలిసి కూడా మాత్రల మీద నెలనెలా డబ్బు పెట్టి, ముప్పై ఏళ్లు దాటిన ఇంటి ఆడవారిని ఒక్కసారీ పరీక్షకు తీసుకెళ్లకపోవడం బాధ కలిగించే విషయం.

అయితే గ్రాహకం ప్రశ్నను మూసివేయనవసరం లేదు, సరిగ్గా అడగాలి. ఇప్పటివరకూ జరిగిన పెద్ద ప్రయోగాలు అందరికీ మాత్ర ఇచ్చి అన్ని క్యాన్సర్లనూ లెక్కపెట్టాయి. ఇకపై హెచ్‌పీవీ సోకిన, విటమిన్ డి నిజంగా లోపించిన స్త్రీలను తీసుకోవాలి. ముఖద్వార కణాల్లో గ్రాహకం ఎంత ఉంది, అది నడపవలసిన జన్యువులు నడుస్తున్నాయా అన్నది మొదటే కొలవాలి. లోపం సరిదిద్దాక రెండేళ్లలో వైరస్ ఎవరిలో వదిలిపోయింది, ఎవరిలో నిలిచింది అన్నది చూడాలి. అందరికీ పరీక్ష, అవసరమైన వారికి చికిత్స అందుతూనే ఇది జరగాలి. ఎండ, లోపం, ఇన్‌ఫెక్షన్ మూడూ ఒకేచోట కలిసిన కర్నూలు, అనంతపురం, కడప ఇందుకు తగిన నేల. హెచ్ఐవీ, క్షయ రోగులకు అనంతపురం దగ్గరి బత్తలపల్లి ఆసుపత్రిలో ఏళ్ల తరబడి సాగిన వైద్యం చూస్తే, రోగులను దీర్ఘకాలం వెన్నంటి చూసుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం ముందే రాసిపెట్టుకోవాలి. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా అధ్యయనం పేరిట హాస్టల్ అమ్మాయిలకు టీకాలు వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. కొందరు బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలినా, పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఏళ్లు పట్టింది. ఈసారి ప్రతి సమ్మతి పత్రం తెలుగులో, ఆ స్త్రీకి చదివి వినిపించి, ఆమె తన చేత్తో వేలిముద్రో సంతకమో పెట్టాకే మొదటి రక్తం చుక్క తీయాలి.